చేపల దీపాలు

జగన్మోహనరావుగారికి శాలువాల పిచ్చి. తెలుగు సంఘానికి ఆయన కార్యదర్శి అయిన దగ్గర్నుంచీ సన్మానం తప్పించుకున్న తెలుగువాడు దుబాయ్ కరామా పేటలో లేడు. పరీక్ష పాసైన పిల్లకి శాలువా, పిల్లకి పాఠం చెప్పిన పంతులమ్మకి శాలువా, ఉద్యోగం ఊడి ఇంటికి పోతున్నవాడికి కూడా విమానం ఎక్కేముందు ఒక శాలువా. అలాంటి మనిషి చెవిన పడకూడని కబురొకటి రెండువేల ఇరవై ఒకటి డిసెంబరులో పడింది. డెబ్బై ఒకటి యుద్ధంలో బాంబర్ విమానం నడిపిన దక్షిణామూర్తిగారు ఎక్స్‌పో చూడ్డానికి దుబాయ్‌లో కొడుకు ఆశిష్ ఇంటికి వచ్చారు. ఆ విమానంలోనే ఆయనకి దారి చూపించిన నావిగేటర్ ఏసుదానం, నర్సుగా పనిచేసే కూతురి దగ్గర కరామాలోనే ఉంటున్నాడు. యుద్ధానికి సరిగ్గా యాభై ఏళ్లు. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

పరాయి దేశం. పైగా సరిహద్దుకి ఇటువాళ్లూ అటువాళ్లూ ఒకే లిఫ్టులో ఎక్కి దిగే ఊరు. అందుకని బ్యానరు మీద యుద్ధం మాట రాకుండా 'ఆత్మీయ సమావేశం' అని మాత్రం వేయించాడు. ఒక ఆంధ్రా హోటలు మేడమీద హాలు మాట్లాడాడు. శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలతో సహా.

ఇదంతా తెలిసుండీ ఏసుదానం కూతురు దయాకుమారి షహర్బానుని పిలిచింది. తెలివైనవాళ్లు చేసే తెలివితక్కువ పనులకి అంతు ఉండదు.

షహర్బానుది కరాచీ. అక్కడి సముద్రపు ఒడ్డున చేపలవాళ్ల బస్తీలో పుట్టి, నర్సింగు చదివి, దుబాయ్ వచ్చింది. దయాకుమారి పనిచేసే వార్డులోనే ఆమెకీ డ్యూటీ. దయాకుమారి వాళ్ల బిల్డింగులోనే కింది అంతస్తులో బెడ్‌స్పేస్, నలుగురు పంచుకునే గదిలో ఒక మంచం. దయాకుమారిని అక్క అన్నట్టు 'బాజీ' అంటుంది, ఏసుదానాన్ని 'చాచా' అంటుంది. మొదటిసారి కరోనా వచ్చినప్పుడు దయాకుమారికి అంటుకుందని ఆసుపత్రివాళ్లు ఆమెని హోటల్లో విడిగా పెట్టేశారు. భర్త ఐజక్ అబూదాబీలో ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేట దగ్గర కార్మికుల క్యాంపులో చిక్కుకుపోయాడు. ముసలాయన ఒక్కడే ఇంట్లో జ్వరంతో పడున్నాడు. పక్కఫ్లాటువాళ్లు తలుపు తీయడానికి భయపడ్డ రోజుల్లో షహర్బాను డ్యూటీ దిగి నేరుగా ఆయన దగ్గరికి వచ్చేది. యఖ్నీ, అదే మాంసం చారు, కాచి తాగించేది, వేలికి మిషను పెట్టి ఊపిరి చూసేది, తల కింద రెండో దిండు సర్ది వెళ్లేది. సొంత కూతురు ఫోనులో ఏడుస్తూ ఉంటే పరాయి కూతురు పని చేసింది. ఏసుదానం ఈ రోజు కూర్చుని అన్నం తింటున్నాడంటే అది ఆ అమ్మాయి చలవే.

దయాకుమారీ షహర్బానూ పైకి ఎప్పుడూ అనుకోని ఒప్పందం ఒకటుంది. క్రికెట్టు మాట ఎత్తరు, సరిహద్దు మాట అసలే ఎత్తరు. టీవీలో ఆ గొడవ వస్తే ఇద్దరిలో ఎవరు దగ్గరుంటే వాళ్లు చానెల్ మార్చేస్తారు. ఈ ఊళ్లో స్నేహాలు అలాగే బతుకుతాయి.

మరి దయాకుమారి ఎందుకు పిలిచినట్టు? అడిగితే, బానూ మా ఇంటి మనిషి, నాన్న పండగకి ఆమె లేకపోతే ఎలా అంటుంది. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, నలుగురిలో ఆమెని పక్కన కూర్చోబెట్టుకోవాలని ఉంది. చూడండి, మాకు అలాంటి పట్టింపుల్లేవు అని చూపించుకోవాలని ఉంది. మంచితనానికి కూడా కాస్త డాబు కావాలి కదా. ఇక మాటలంటారా, అన్నీ తెలుగులోనే ఉంటాయి. నాన్నగారి పాత స్నేహితుడు వస్తున్నాడు, భోజనానికి రా అని చెప్పింది. షహర్బాను సంబరపడి, కొత్త చున్నీ ఇస్త్రీ చేసుకుని వచ్చింది.

పొద్దున ఏసుదానం మాత్రం ఒక మాటన్నాడు.

"బానూని ఎందుకమ్మా? వద్దులే."

"ఏం నాన్నా, పాకిస్తానని నలుగురూ ఏమన్నా అనుకుంటారనా? అనుకోనీ" అంది దయాకుమారి, కాస్త గొంతు పెంచి.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన యుద్ధం గురించి ఇంట్లో ఎన్నడూ నోరు విప్పింది లేదు. ఓడని ముంచాడని ఊళ్లో అందరూ చెప్పుకునేవాళ్లు. ఆ మాట ఎవరన్నా ఎత్తితే ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయేవాడు. గొప్పలు చెప్పుకోని మనిషని దయాకుమారి చిన్నప్పట్నుంచీ మురిసిపోయేది.

హాలు నిండింది. బ్యాంకులవాళ్లు, సాఫ్ట్‌వేర్‌వాళ్లు, వాళ్ల భార్యలు, మొహాలకి మాస్కులు. జగన్మోహనరావు ఎదురొచ్చి, సల్వారూ చున్నీలో ఉన్న షహర్బానుని చూసి, ఆమె సలాంకి సలాం చెప్పి, "హైదరాబాదు చెల్లెమ్మ వచ్చింది, ముందు కూర్చోబెట్టండి" అని కేకేశాడు. దయాకుమారి నిజం చెప్పబోయి, ఇప్పుడెందుకులే అని ఊరుకుంది. అలా ఇద్దరూ ముందు వరసలో, వేదికకి ఎదురుగా కూర్చున్నారు.

దక్షిణామూర్తిగారిది గోదావరి గొంతు. ఎనభైకి దగ్గరపడ్డా మైకు అక్కర్లేదు. ఏసుదానాన్ని గట్టిగా కౌగిలించుకుని, పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని, లేచి నిలబడి మొదలుపెట్టారు. చెప్పడం ఆయనకి వచ్చినంత బాగా మరెవరికీ రాదు.

రాత్రిపూట శత్రువు ఓడల్ని వెతకడం వాళ్ల పని. గుంపులుగా వెళ్లడం ఉండదు. ఒక్కో విమానం ఒక్కటే పోవాలి, ఒక్కటే రావాలి. దీపం వెలిగించకూడదు, రేడియోలో మాట్లాడకూడదు, నీళ్లకి దగ్గరగా ఎగరాలి. లోపల ఉండేది ఇద్దరే. తను పైన, నావిగేటర్ ముక్కులో, అద్దం వెనక బోర్లా పడుకుని. ఏం జరిగినా చూసేవాడు ఇంకొకడు ఉండడు.

"ఏమంటున్నారు బాజీ?" అని షహర్బాను చెవిలో అడిగింది, హిందీలో.

"డెబ్బై ఒకటిలో, రాత్రుళ్లు సముద్రం మీద ఒంటరిగా విమానంలో తిరిగేవాళ్లట" అంది దయాకుమారి. అంతవరకూ అబద్ధమేం లేదు.

షహర్బాను కళ్లు పెద్దవయ్యాయి. వేదిక మీది చాచాని కొత్తగా చూసింది.

దక్షిణామూర్తిగారు హాలుని నవ్వించడం మొదలెట్టారు. మొదట రెండుసార్లు వెళ్లి, సముద్రమంతా గాలించి, ఏమీ కనబడక, మోసుకెళ్లిన బాంబులు మోసుకెళ్లినట్టే తెచ్చారట. మెస్సులో మిగతావాళ్లు ఊరుకుంటారా? వీళ్లిద్దరికీ 'పొదిగే కోళ్లు' అని పేరు పెట్టారట. కుర్చీల్లో గడ్డి పరిచి ఉంచారట. భోజనం దగ్గర వంటవాడు కూడా ముసిముసిగా నవ్వుతూ, సాబ్, గుడ్లు ఎప్పుడు చిట్లుతాయి అని అడిగాడట. హాలంతా విరగబడి నవ్వింది. భాష తెలియకపోయినా షహర్బాను కూడా నవ్వింది. ఏసుదానం ఒక్కడే నవ్వలేదు. తన అరచేతులకేసి చూసుకుంటున్నాడు.

"ఇహ మూడోసారి," అన్నారు దక్షిణామూర్తిగారు గొంతు తగ్గించి, "అమావాస్య చీకటి. ఆకాశమేదో నీళ్లేవో తెలీదు. తిరిగి తిరిగి ఇంధనం అడుగంటుతోంది. వెనక్కి తిప్పుదామనుకుంటుండగా, దూరంగా దీపాలు. గుండ్రంగా, దండ గుచ్చినట్టు. నేను ఆ పక్కగా వెళ్లి వెలుగు బాంబు వేశాను, కింద పట్టపగలైపోయింది. కానీ నేను పైన కూర్చునేవాణ్ణి, నాకు నేరుగా కిందున్నది కనబడదు. వీడే నా కళ్లు. ఏవిట్రా దానం కింద అన్నాను. ఓడ సార్ అన్నాడు. అంతే. ఆ ఘడియలో కెప్టెన్ని నేను కాదండీ. బాంబు వేసేటప్పుడు నావిగేటర్ చెప్పిందే వేదం. ఎడమకి, ఇంకా ఎడమకి, అలాగే అలాగే అంటూ వీడు చెప్పినట్టల్లా బండికి కట్టిన ఎద్దులా నడిచాను. మీట నొక్కిందీ వీడే. ఓడ మునిగింది, పేరు మాత్రం నాకొచ్చింది."

గుండ్రంగా దీపాలు అనగానే దయాకుమారి తండ్రి మొహంలోకి చూసింది. ఏసుదానం పుట్టింది నిజాంపట్నం పక్కన, వలల మధ్యన. ఆమె చిన్నప్పుడు సెలవులకి అక్కడికే వెళ్లేది. వెన్నెల లేని రాత్రుళ్లు పడవలవాళ్లు నీళ్ల మీదికి పెట్రోమాక్సు లైట్లు వేలాడదీసేవాళ్లు. వెలుగుకి చేపలు మూగేవి, చుట్టూ పడవలు చేరి వల లాగేవి. తాతయ్య ఆమెని ఒడ్డున నిలబెట్టి, అవి చేపల దీపాలమ్మా అని చూపించేవాడు. యుద్ధం రోజుల్లో దాక్కునే ఓడ దీపం వెలిగించదు. ఆ మాట పసిపిల్లకి కూడా తెలుస్తుంది. హాల్లో ఉన్న అంత చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే వాళ్లెవరూ సముద్రం వైపు చేపల కోసం చూసినవాళ్లు కారు.

ఆమెకి తెలిసింది. వేదిక మీద అరచేతులు చూసుకుంటున్న తండ్రికి ఆ రాత్రే తెలుసని కూడా తెలిసింది.

సరిగ్గా అప్పుడే షహర్బాను మోచేత్తో మెల్లగా తట్టింది. "ఇప్పుడేం చెప్పారు? అందరూ ఊపిరి బిగబట్టారేం?"

తెలుగు కష్టంగా ఉంది తర్వాత చెప్తాను అంటే సరిపోయేది. నాకూ సరిగ్గా వినబడలేదు అన్నా సరిపోయేది. పోనీ, మనం బయటికి వెళ్దాం రా బానూ అని లేచినా మర్యాద దక్కేది. కానీ భయపడ్డ మనిషి నోటికి తోచిందే దారి.

"చేపలవాళ్లు," అంది దయాకుమారి. "నడిసముద్రంలో చిక్కుకుపోయారట. వీళ్లు చూసి, పైనుంచి వెలుగు వేసి దారి చూపించారట."

"ఎవరు, మీవాళ్లా?"

"ఎవరో ఏమిటో చూడలేదట. మీవైపువాళ్లే అయ్యుండొచ్చు."

అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. షహర్బాను కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేతులెత్తి, అందరికంటే గట్టిగా, అందరూ ఆపేశాక కూడా చప్పట్లు కొట్టింది. దయాకుమారికి తల కొట్టేసినట్టయింది. అయినా ఒక పిచ్చి ధైర్యం, ఈ నాలుగు నిమిషాలు గడిస్తే భోజనాలు, భోజనాలైతే ఇల్లు, ఆ తర్వాత ఈ మాట ఎవరూ ఎత్తరు అని.

అయితే జగన్మోహనరావుగారి శాలువాలు ఇంకా సంచీలోనే ఉన్నాయి. దక్షిణామూర్తిగారికి ఆయన కోడలి చేత కప్పించాడు. ఏసుదానంగారికి కూతురు కప్పితే ఏం బాగుంటుంది, బయటివాళ్లెవరన్నా అయితే నిండుగా ఉంటుందని చుట్టూ చూశాడు. ముందు వరసలో కళ్లు తుడుచుకుంటున్న షహర్బాను కనిపించింది. "మన నర్సు చెల్లెమ్మ, హైదరాబాదు ఆడబిడ్డ, ఇలా రావాలమ్మా" అని మైకులో పిలిచి, సైగ చేశాడు. దయాకుమారి ఆమె చున్నీ కొసని పట్టుకుంది. షహర్బాను అది ప్రేమ అనుకుని, ఆ చేతిని నిమిరి లేచి వెళ్లింది.

శాలువా ఎలా కప్పాలో ఆమెకి తెలియదు. జగన్మోహనరావు చూపిస్తే, జ్వరం మనిషికి దుప్పటి కప్పినట్టు మెడ దగ్గర సర్ది మరీ కప్పింది. ఏసుదానం ఆమె మొహం చూడలేదు. కప్పాక ఆమె అలాగే నిలబడి మైకు అడిగింది. మాట్లాడింది ఉర్దూలో. అందరికీ అర్థమయ్యే ఉర్దూ.

"నాకు మీ భాష రాదు, మాఫ్ చేయండి. నాది కరాచీ. మేం చేపలు పట్టేవాళ్లం. డెబ్బై ఒకటి యుద్ధంలో రాత్రి వలకి వెళ్లినవాళ్లు మా బస్తీలో కొందరు తిరిగి రాలేదని మా నానీ చెప్పేది. ఆవిడ అన్న కూడా రాలేదు. ఆయన పేరెత్తితే ముసలితనంలో కూడా అన్నం మానేసేది. అదే సముద్రం మీద, అదే రోజుల్లో, ఎవరి మనుషులని అడక్కుండా చేపలవాళ్లకి వెలుగు చూపించిన మనిషి ఒకడున్నాడని ఆవిడకి తెలీదు పాపం. తెలిస్తే దువా చేసేది. ఆవిడ బదులు నేను చేస్తున్నాను."

వంగి ఏసుదానం చేతిని కళ్లకద్దుకుంది.

హాల్లో మాస్కుల పైన కళ్లన్నీ నేలకి దిగాయి. ఇంతసేపూ పొదిగే కోళ్లకి నవ్వినవాళ్లు, ఓడ మునిగిందని చప్పట్లు కొట్టినవాళ్లు, తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. ఆమెకి ఎవరు ఏం చెప్పారో అందరికీ అర్థమైంది. ముందు వరసలో ఖాళీ కుర్చీ పక్కన కూర్చున్న మనిషి వైపు అందరూ ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నారు. జగన్మోహనరావుగారు లోకజ్ఞానం ఉన్న మనిషి. గొంతు సవరించుకుని, చాలా చక్కగా మాట్లాడిందమ్మా, చప్పట్లు అన్నాడు. అందరూ కొట్టారు. దయాకుమారి కూడా కొట్టింది. ఆ చప్పట్లు కొడుతున్నప్పుడు తన చేతులు నరికేసుకోవాలన్నంత రోత పుట్టింది ఆమెకి.

ఏసుదానం లేచి నిలబడ్డాడు. మెడ దగ్గర ఆమె సర్దిన శాలువాని మెల్లగా తీసి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టాడు. మైకు తీసుకోలేదు. ఎయిర్‌ఫోర్సులో నేర్చుకున్న హిందీలో, ఆమెకి మాత్రమే చెప్తున్నట్టు చెప్పాడు. హాలు అంత నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అందరికీ వినబడింది.

"బేటీ, నీకు ఎవరో తప్పు చెప్పారు. మేం ఎవర్నీ కాపాడలేదు. వెలుగు వేసింది బాంబులు వేయడానికి. అవి చేపల పడవలు. వేసింది నేనే."

"ఏవిట్రా నువ్వనేది?" దక్షిణామూర్తిగారు కుర్చీలోంచి సగం లేచారు. గోదావరి గొంతు పీలగా వచ్చింది. "ఓడన్నావు కదరా నాతో. ఇన్నేళ్లూ ఒక్కనాడు చెప్పలేదేవిట్రా?"

"మీరడిగినప్పుడే అబద్ధం చెప్పాను సార్. మళ్లీ మీరు అడగలేదు."

దక్షిణామూర్తిగారు తన ఒంటిమీది శాలువాని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పోగు చేసుకున్నారు. ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు. కనబడని మనిషి, కనబడేవాడి మాట నమ్మాడు.

షహర్బాను ఏసుదానం మొహంలోకి కొంచెంసేపు చూసింది, రోగి చెప్పేది వినేటప్పుడు చూసినట్టే. తర్వాత తల తిప్పి దయాకుమారిని చూసింది. ఆ చూపు ఎదుర్కోవడానికి దయాకుమారికి మొహం చెల్లలేదు. షహర్బాను వేదిక దిగి, కుర్చీ కింది సంచీ తీసుకుని, ఎవరినీ తాకకుండా మెట్లవైపు వెళ్లిపోయింది.

దయాకుమారి వెనకాలే పరుగెత్తింది. కింద హోటల్లోంచి శుక్రవారం బిరియానీ వాసన మెట్లమీదికి కొడుతోంది. నలుగురు కుర్రాళ్లు నవ్వుకుంటూ ఎక్కి వస్తుంటే ఇద్దరూ గోడకి ఒత్తుకుని దారి ఇవ్వాల్సి వచ్చింది. బానూ, నేను నీ మనసు నొప్పించకూడదని, నీకు బాధ కలగకూడదని అని దయాకుమారి ఏదేదో చెప్పింది. షహర్బాను మాస్కు తీసి ముక్కు తుడుచుకుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది.

"యుద్ధం అంటే ఏమిటో నాకు తెలియదా బాజీ? మావాళ్లు మాత్రం ఏం తక్కువ చేశారు? చాచా అప్పుడు చేసింది చేశాడు. ఇవాళ నా కళ్లల్లోకి చూసి చెప్పాడు కూడా." సంచీ భుజానికి వేసుకుంది. "నాతో చప్పట్లు కొట్టించింది మాత్రం నువ్వు."

దయాకుమారి చేయి పట్టుకోబోయింది. షహర్బాను చేతిని వెనక్కి తీసుకోలేదు, అలాగని పట్టుకోనూ లేదు. చాచాకి రాత్రి మాత్ర వేయడం మర్చిపోవద్దని చెప్పి దిగిపోయింది. ఇంత జరిగాక కూడా మాత్ర గుర్తుపెట్టుకున్న ఆ మనిషి ముందు దయాకుమారి చాలా చిన్నదైపోయింది.

మేడమీద భోజనాలు మొదలయ్యాయి. ఎంత సిగ్గుపడ్డవాళ్లకైనా ఆకలి వేస్తుంది. ఏసుదానం తినకుండా, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. ఇల్లు దగ్గరే, నడిచి వెళ్లిపోవచ్చు. అయినా బస్టాపులో బెంచీ మీద కూర్చున్నారు తండ్రీ కూతుళ్లు. ఎండ నెమ్మదిగా ఉంది. శుక్రవారం నమాజు అయి, బట్టలు మార్చుకుని, సరుకులకి వెళ్లేవాళ్లు ముందునుంచి పోతున్నారు.

"ఏమందమ్మా?" అన్నాడు ఏసుదానం.

దయాకుమారికి ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది, నీమీద కోపం లేదంది నాన్నా అని. అది నిజమే. అంతవరకూ చెప్పి ఆపేస్తే ఆయన రాత్రికి నిద్రపోతాడు, తను కూడా గట్టెక్కుతుంది. కానీ ఇవాళ్టికి ఆ పని ఒకసారి చేసింది, చాలు. షహర్బాను అన్నదంతా, చప్పట్ల మాట కూడా, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన తలూపుతూ విన్నాడు.

"నువ్వట్టా ఎందుకు చెప్పావమ్మా ఆ పిల్లకి?"

"ఆమె బాధపడుతుందని" అంది దయాకుమారి. ఆ మాట తన చెవికే బూటకంగా వినబడింది. "కాదు నాన్నా. నేను చిన్నబోతానని. మంచిదాన్ని అనిపించుకోవాలని పిలిచాను. అది పోతుందని."

ఒక బస్సు వచ్చి, తలుపు తెరిచి, ఎవరూ ఎక్కకపోతే వెళ్లిపోయింది. ఏసుదానం చూపు రోడ్డు మీద లేదు.

"చూడంగానే తెలిసింది నాకు" అన్నాడు. "మా నాన్న అట్టాంటి దీపం కింద కూర్చుని పట్టిన చేపలతోనే నన్ను చదివించింది. వెలుగు పడంగానే ఒకడు తల పైకెత్తి చూశాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. సార్ ఏముందిరా అని అడిగాడు. పడవలు సార్, వద్దు అంటే విమానం తిప్పేసేవాడు. ఆయన మంచోడు, పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఇన్నాళ్లూ పెద్దాయన ముందు నోరు లేవలేదని చెప్పుకున్నాను నాకు నేనే. అది కూడా అబద్ధమే."

"మరెందుకన్నావు నాన్నా, ఓడని?"

"మళ్లీ బాంబులతో తిరిగిపోతే మెస్సులో నవ్వుతారని," అన్నాడు ఏసుదానం, "అంతేనమ్మా. ఇంకేం లేదు."